కుడిచేతి కౌంటర్

మా అరబా ఆ కుర్రాణ్ణి మొదటిసారి చూసింది ఒక కోడికాలు కోసం వెళ్ళినప్పుడు. రెండు నిమిషాల్లో పోట్లాట కూడా అయిపోయింది.

మా రేవుపట్నం టకోరాడిలో, మార్కెట్ సర్కిల్ దగ్గర, సరిగ్గా నా కెంకే కొట్టుకు ఎదురుగా, ఆ జూన్ నెలలో ఒక అద్దాల హోటలు లేచింది. బోర్డు మీద కళ్ళజోడు పెట్టుకున్న కోడి. అసలు పేరు పొడుగ్గా ఏదో ఉంది గానీ మాకెవరికీ నోరు తిరగలేదు. ఊరంతా దాన్ని కళ్ళజోడు కోడి అనేసింది. ముప్పై తొమ్మిది దేశాల్లో ఉందట, మాది నలభయ్యోదట. నలభై ఏళ్ళుగా నా చేతి మొక్కజొన్నపిండి కెంకే ఉండలు, వేయించిన చేపలు, షిటో కారం తిని పెరిగిన జనం నా ముందునుంచే నడిచి వెళ్ళి అక్కడ వరసలో నిలబడ్డారు. ఒక్కడైనా నా వైపు చూస్తే ఒట్టు! నాకు కడుపు మండలేదని చెబితే అబద్ధమే. ఆ గుమ్మం జన్మలో తొక్కనని మా అమ్మ మీద ఒట్టు పెట్టుకున్నాను.

నా కొట్టు పక్కనే నా మనవరాలు అరబా కుట్టుమిషను. నన్ను నానా అంటుంది, మా వైపు నానమ్మకు అదే పిలుపు. ఇరవై మూడేళ్ళ పిల్ల. చేతిలో మంచి పనితనం, నోట్లో నా షిటోను మించిన కారం.

"నానా, ఒక్క కోడికాలు తెచ్చుకుంటా. రుచి చూసి బాగాలేదని చెప్తా. నీకు మనశ్శాంతి."

"బాగుంటే?"

"బాగున్నా బాగాలేదనే చెప్తాలే."

వెళ్ళింది. కౌంటర్లో ఉన్నవాడి పేరు కోబినా. ఎర్రటోపీ, సన్నటి మీసం, బుగ్గ మీద సొట్ట. "వెల్‌కమ్ మేడమ్" అంటూ కుడిచేత్తో మిషను మీద మీటలు నొక్కుతూనే, ఎడమచేత్తో డబ్బా తీసి ఆమె ముందుకు చాచాడు.

ఎడమచేత్తో! తినే తిండి!

అరబా చెయ్యి చాచలేదు. వెనక వరస మొత్తం ఆగిపోయింది.

"ఏమయ్యా, మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా?"

"ఉన్నారు మేడమ్. ఎందుకూ?"

"ఉంటే ఆ చేత్తో ఇవ్వవుగా."

వాడు తన ఎడమచేతిని ఎవరిదో పరాయివాళ్ళది చూసినట్టు చూసుకున్నాడు. "కంపెనీ రూలు మేడమ్. కుడిచెయ్యి మిషను మీదే ఉండాలి. డబ్బాల అర ఎడమవైపు కట్టారు. మనిషికి ఇరవై సెకన్లే. ముప్పై తొమ్మిది దేశాల్లోనూ ఇంతే."

"అయితే నా కోడికాలు కూడా ఆ ముప్పై తొమ్మిది దేశాలకే పంచిపెట్టు!"

వట్టి చేతులతో తిరిగొచ్చింది. నాకు మాత్రం ఆ పూట కడుపు నిండిపోయింది.

సాయంత్రం వాన పట్టుకుంది. ఆ వానలో తడుస్తూ వచ్చి నా పందిరి కింద నిలబడ్డాడు కోబినా. కుడిచేతిలో డబ్బా, ఆ మోచేతి కింద ఎడమ అరచెయ్యి. పెద్దలకు ఇచ్చే పద్ధతి అది.

"నానా, మన్నించండి. పొద్దున తప్పైపోయింది. ఇప్పుడు డ్యూటీ అయిపోయింది, చెయ్యి నాదే."

అరబా కుట్టు మీదనుంచి కళ్ళెత్తలేదు. "చల్లారిపోయింది."

"మీ కోపం కూడా చల్లారుతుందేమోనని ఆగానండి."

నేను నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది. ఆ రోజు వాడికి వేడి కెంకే ఒకటి పెట్టాను. ఇక రోజూ వచ్చాడు. కోడి అమ్మేవాడు నా దగ్గర చేప తింటుంటే నాకెంత ఆనందంగా ఉండేదో!

చొక్కా గుడ్డ కూడా తెచ్చాడు. కొలతల కోసం అరబా వాణ్ణి నాలుగుసార్లు పిలిచింది. ఛాతీ కొలత నాలుగుసార్లూ నాలుగు రకాలుగా వచ్చిందట. నేను చదివింది మూడో తరగతే గానీ ఆ లెక్క నాకు తెలియదా?

"పోర్టు లారీ డ్రైవర్లందరి ఛాతీలూ నువ్వే కొలుస్తావా?" అని ఒకరోజు మూతి ముడిచాడు వాడు.

"మరి చొక్కాలు గాలికి కుట్టనా?"

"దూరంనుంచి చూసి అంచనా వెయ్యకూడదూ?"

"తేరిపార చూస్తే నీకు ఇంకా మండుతుందేమోనని టేపుతో సరిపెడుతున్నా."

అలా ముసిముసి నవ్వులతో జూన్ గడిచింది. జూలైలో తండేకా దిగింది.

జొహానెస్‌బర్గ్ పిల్ల. కళ్ళజోడు కోడి ఏ దేశంలో గుడ్డు పెట్టినా ఈమె వెళ్ళి పనివాళ్ళకు ట్రెయినింగ్ ఇస్తుందట. కొబ్బరిచెట్టంత పొడుగు. నవ్వితే రోడ్డు దాటి వినబడుతుంది. వచ్చిన రోజే నా కొట్టుకొచ్చి, మోకాలు వంచి, "గోగో, బాగున్నారా?" అని పలకరించింది. వాళ్ళ వైపు నానమ్మను అలా అంటారట. నాకు నచ్చింది.

"గోగో ఏమిటి గోగో!" అంది అరబా, ఆమె వెళ్ళగానే. "ఎవరి నానమ్మను ఎవరు పిలుస్తున్నారు?"

"పిలిస్తే అరిగిపోతానా?"

"నువ్వు అరగవు. నా ఓపిక అరుగుతుంది."

మర్నాడు మూడు గంటలప్పుడు, గిరాకీ లేని వేళ, సన్నగా తుంపర పడుతోంది. అరబా మిషను ఉన్నట్టుండి ఆగిపోయింది.

"నానా, అటు చూడు."

చూశాను. అద్దం వెనక కోబినా డబ్బా ఇస్తున్నాడు. కుడిచేత్తో. మోచేతి కింద ఎడమ అరచెయ్యి పెట్టి, కాస్త వంగి మరీ. తీసుకుంటున్నది తండేకా. తీసుకుని పకపకా నవ్వుతోంది. మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ నవ్వింది.

"ఊరంతటికీ ఎడమ. నాకూ ఎడమ. ఆ మహారాణికి మాత్రం కుడి!"

"పై అధికారి కదే."

"అధికారి అయితే జీతం ఇవ్వాలి. అన్ని డబ్బాలు తినాలా?"

ఆ పూట ఒక పెళ్ళిబట్టకు చెయ్యి తెచ్చి మెడ దగ్గర కుట్టేసింది. తర్వాత రోజూ అదే వరస. మూడు కాగానే మిషను ఆగుతుంది, పిల్ల కళ్ళల్లో నిప్పులు పోసుకుని అద్దంలోకి చూస్తుంది. వానజల్లు అడ్డం వస్తే లేచి నిలబడి మరీ చూస్తుంది. వాణ్ణే అడగవే అంటే, "నాకేం పట్టింది?" అంటుంది.

మంగళవారం సాయంత్రం వాడు పరుగున వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"నానా! అరబా! లుసాకాలో కొత్త హోటలు తెరుస్తున్నారు. ఏడాదిపాటు నన్నే మేనేజరుగా పంపుతున్నారు. శనివారం విమానం!"

అరబా దారం కొరికింది. "ఎవరు పంపమన్నారు?"

"తండేకానే. ఆవిడ చెబితేనే పంపుతారు."

"రోజూ మూడింటికి ఆవిడకు కుడిచేత్తో పెట్టింది బాగానే పనిచేసినట్టుంది."

వాడికి విషయం అర్థమై నవ్వు ఆగలేదు. "అదా! ఒక్క రోజు ఆగు అరబా. పైనుంచి ఉత్తరం రావాలి. వచ్చాక చెప్తా."

ప్రేమించిన పిల్ల ఉడికిపోతుంటే మగవాడు నవ్వకూడదు. ఆ సంగతి వాడికెవరూ చెప్పలేదు పాపం.

బుధవారం మధ్యాహ్నం అరబా వాడి చొక్కా ఇస్త్రీ చేసి, మడత పెట్టి, రోడ్డు దాటింది. నా ఒట్టు ఉంది కాబట్టి నేను గుమ్మం బయటే ఆగాను. తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల జనం నిండుగా ఉన్నారు.

"నీ చొక్కా. లుసాకాలో వేసుకో."

ఇచ్చింది. ఎడమచేత్తో.

నా పెంపకం అది! తింటున్నవాళ్ళ నోళ్ళు ఆగిపోయాయి. కోబినా ఆ చేతినే చూశాడు, తర్వాత రెండు చేతులూ చాచి చొక్కా తీసుకున్నాడు.

తండేకా ముందుకొచ్చింది. ఆమె మెళ్ళో తాడుకు సెకన్లు కొలిచే గడియారం వేలాడుతోంది. "కోబినా, అరబా అంటే ఈ అమ్మాయేనా?"

"ఆవిడే."

"అమ్మాయ్, మూడు వారాలుగా ఇతను నాకు మూడొందల డబ్బాలు ఇచ్చాడు. ఒక్కదాంట్లో కోడిముక్క లేదు! అన్నీ ఖాళీవే." తండేకా పక్కనున్న అట్టపెట్టె చూపించింది. దాని మీద పెన్నుతో మీటలు గీసి ఉన్నాయి. "మిషను ఎడమకు, అర కుడికి మార్చి, మీటలు నొక్కాక పద్ధతిగా చేతికిస్తే ఇరవై సెకన్లలో అవుతుందా లేదా అని పరీక్ష. అయింది. ఇవాళ పొద్దున ఉత్తరం వచ్చింది, రేపే మార్చేస్తాం. ఇక ముందు కట్టే హోటళ్ళలో కూడా ఎక్కడ ఈ పట్టింపు ఉంటే అక్కడ ఇలాగే. మా ఊళ్ళోనూ ఉంది, ఇన్నేళ్ళూ అడగడానికి నాకే నోరు రాలేదు. ఈ మార్పు ఎవరు చెప్పారని అర్జీ కాగితంలో ఒక గడి ఉంటుంది. ఇతను ఏం రాశాడో తెలుసా? అరబా, దర్జీ, ఎదురుకొట్టు."

మా పిల్ల ఎడమచేతిని వెనక్కి దాచుకుంది. కోబినా ఈసారి నవ్వలేదు.

"నాకు మిషను అడ్డం వచ్చింది అరబా," అన్నాడు మెల్లగా. "నీకేం అడ్డం వచ్చింది?"

చొక్కా పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వాడు కెంకేకు రాలేదు. అరబా అన్నం ముట్టలేదు.

"నానా, ఆవిడ మీద కోపంతో వాణ్ణి అవమానించాను. శనివారం వెళ్ళిపోతాడు. ఇక ఏ ముఖంతో వెళ్ళి మాట్లాడను?"

మాలో ఇలాంటి తప్పుకు చేసినవాళ్ళు వెళ్ళి చెబితే చాలదు. పెద్దమనిషి వెళ్ళి వాళ్ళ తరఫున బతిమాలాలి. ఇంట్లో పెద్దదాన్ని నేనొక్కదాన్నే. ఒట్టు పెట్టుకున్న పెద్దదాన్ని.

గురువారం పొద్దున్నే నా మంచి గుడ్డ కట్టుకున్నాను. అమ్మా, నువ్వు పైనుంచి చూస్తున్నావు, నీ ముని మనవరాలి కోసమే అని మనసులో చెప్పుకుని ఆ గుమ్మం తొక్కాను.

వడ్రంగులు అప్పుడే మేకులు ఏరుకుంటున్నారు. కౌంటర్లో మిషను ఎడమకు, అర కుడికి మారి ఉన్నాయి. నన్ను చూసి కోబినా టోపీ తీసేశాడు.

"నాయనా, నా పిల్ల తప్పు చేసింది. దాని తప్పు నా నెత్తిన వేసుకుని వచ్చాను. ఈ తెల్లజుట్టు చూసి వదిలెయ్యి."

"అయ్యో నానా! పిల్లనడగడానికి మా మేనమామను మీ తలుపు దగ్గరికి పంపాలని నేను చూస్తుంటే, మీరే నా గుమ్మానికొచ్చారా?" ఒక డబ్బా తీసి, కుడిచేత్తో, మోచేతి కింద అరచెయ్యి పెట్టి ఇచ్చాడు. "ఈ కౌంటర్లో మొదటిది మీదే."

తిన్నాను. బాగుంది. పాడు కోడి, నిజంగానే బాగుంది! అరబాకు మాత్రం బాగాలేదనే చెప్పాను.

శుక్రవారం సాయంత్రం వాళ్ళు వచ్చి మా తలుపు తట్టారు. మేనమామ, మేనత్త, కొత్త చొక్కాలో కోబినా. మా పద్ధతి చూస్తానని తండేకా కూడా వచ్చింది. ష్నాప్స్ సారా సీసా బల్ల మీద పెట్టి, మీ తోటలో ఒక పువ్వు చూశాం అన్నాడు మేనమామ. ఆ సీసా తీసుకోవాలా వద్దా అని పిల్లను మూడుసార్లు అడగడం ఆనవాయితీ.

"అరబా, తీసుకోనా?"

"ఆ లుసాకా హోటల్లో కౌంటర్ ఏ వైపు?"

"కుడిచేతికే," అన్నాడు కోబినా.

"అరబా, తీసుకోనా?"

"అక్కడ ట్రెయినింగ్ ఇచ్చేది ఎవరు?"

తండేకా గట్టిగా నవ్వేసింది. "నేను కాదు తల్లీ, నేను కిగాలీ వెళ్తున్నా. అక్కడ ఉండేది ముసలాయన. బట్టతల, ఆరుగురు పిల్లలు."

"మూడోసారి అడుగుతున్నా. తీసుకోనా?"

అరబా తల దించుకుంది. తర్వాత కళ్ళెత్తి వాడినే చూసింది. "తీసుకో నానా. రెండు చేతులతో తీసుకో."

ఇల్లంతా ఈలలు, చప్పట్లు. ఆ గోలలో కోబినా చెయ్యెత్తాడు.

"నాదీ ఒక మాట ఉంది. నేను ఏడాది ఇక్కడ ఉండను. మరి ఆ టేపు?"

అరబా మెళ్ళోంచి టేపు తీసింది. కుడిచేత్తో నా చేతిలో పెట్టింది.

"నువ్వు తిరిగొచ్చేదాకా మగవాళ్ళ కొలతలు నానా తీస్తుంది."

అందుకే ఆ ఏడాది పొడుగునా టకోరాడి లారీ డ్రైవర్ల చొక్కాలన్నీ షిటో వాసన కొట్టాయి.