మేకుల చెట్టు

యారాడ కొండ దిగువన ఒక సరుగుడు తోట ఉండేది. డెబ్బై ఎనిమిదిలో చీకటి పడ్డాక అటు వెళ్లే మగాడు లేడు. అంతకు ముందేడు పోలీసులు హార్బరు కూలీ సూరన్నని అక్కడే కాల్చి చంపారు. తుపాకీ పేల్చుకుంటూ పారిపోతుంటే దూరం నుంచి కాల్చామన్నారు. సూరన్న చేతిలో తుపాకీ చూసినవాడు మా పేటలో ఒక్కడూ లేడు... అదేమని అడిగినవాడూ లేడు.

ఆ తర్వాత తోటలో రాత్రిళ్లు ఏడుపు మొదలైంది.

మా బావ గవర్రాజు చెప్పాడు. పోర్టులో రెండో షిఫ్టు దిగి వస్తుంటే సైకిలు పంక్చరైందట. తోటకి అడ్డంపడి నడుస్తున్నాడు. ఒక చెట్టు కింద — తెల్లగా... జుట్టు విరబోసుకుని... చెట్టుని కావలించుకుని ఉంది.

"ఇంకెన్నాళ్లురా నాయినా..."

బావ సైకిలొదిలేసి పరిగెత్తాడు. మూడు రోజులు జ్వరం.

పేటంతా కలిసి మంత్రగాణ్ని తెచ్చారు. చెట్టుకి నడుమెత్తున మూడు కన్నాలున్నాయి. దెయ్యం వచ్చిపోయే దారులివే అన్నాడతను. దెయ్యాన్ని చెట్టుకి కట్టాలంటే మా వైపు మేకులే కదా. కళ్లారా చూసినవాడని సుత్తి బావకే ఇచ్చారు. ముందు ఉలితో గెలికితే మూడు సీసం ముక్కలు రాలాయి, వాటిని సముద్రంలోకి విసిరేయమన్నాడు మంత్రగాడు. తర్వాత పడవలకి కొట్టే మేకులు — కన్నాల్లో మూడు, చుట్టూ నలభై.

నాలుగో రోజు జీపొచ్చింది. సూరన్న చావు మీద విచారణ చేసే ఆఫీసరు... ఏడాది దాటాక! వెనకాల పోలీసులు. సింహాచలం మొక్కుకెళ్లి అప్పుడే తిరిగొచ్చిన సూరన్న తల్లి కాసులమ్మ, తెల్లచీరలో అందరికన్నా ముందు నడిచింది.

"రండి బాబూ. ఈ సెట్టే సాచ్చికం అన్నారు లాయరుగోరు. కట్టెలకని ఎవులూ నరికీకుండా రేతిరల్లా దెయ్యంనాగ తిరిగి కాసినాను. నా కొడుకుని మోకాళ్లమీద కూకోబెట్టి, ఈ సెట్టుకి కట్టీసి కాల్సినారు బాబూ. సూడండి, తూటా కన్నాలు ఎంత కిందకున్నాయో..."

చూపించబోయిన ఆమె చెయ్యి మేకుల ముందు గాల్లోనే ఆగిపోయింది.

కన్నతల్లి ఏడుపని ఒక్కడికీ తట్టలేదు. దెయ్యమనుకోవడం తేలిక మరి.

"అన్నీ మేకులే కదమ్మా," అని ఆఫీసరు కాగితం మీద రాసుకున్నాడు. ఆమె వేళ్లతో తడుముతోంది. "ఇది బాబూ... కాదు, ఇది..."

"నువ్వక్కడే ఉన్నావుగా బావా, నోరు విప్పలేదా?" అన్నాను.

"ఇప్పినాను... జీపు ఎల్లిపోయినాక."

చేతులు కాలాక ఆకులు. బావ ఏడ్చాడు. కాసులమ్మ తిట్టలేదట. ఒక్కటే అడిగిందట —

"సీసం ఏ పక్కకి ఇసిరినావురా?"

బతికున్నన్నాళ్లూ ఆ నీళ్లలో వెతికింది. పోటు తగ్గిన రాత్రుల్లో ఇప్పటికీ అక్కడ ఎవరో మోకాళ్ల లోతు నీళ్లలో వంగి ఇసుక దేవుతుంటారని జాలర్లు చెబుతారు. తెల్లచీరట...

కాసులమ్మ పోయి ఆరేళ్లయింది.