నా కంప్యూటర్ ముట్టుకున్నదెవరు?

"నా కంప్యూటర్ ఎవరు ముట్టుకున్నారు?"

సెలీనా గొంతు బోరబండ రైల్వే స్టేషన్ దాకా వినిపించి ఉంటుంది. వంటింట్లో తల్లి ఎలిజబెత్ చేతిలో గరిటె ఆగిపోయింది. హాల్లో పేపరు చదువుకుంటున్న ఇశ్రాయేలు ఆ పేపర్ని ముఖానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నారు. కూతురి కోపం తగ్గేదాకా ఆయన దాక్కునే చోటు అదే.

మానిటర్ మీద నీలిరంగు పువ్వేదో కొత్తగా విచ్చుకుని ఉంది. ఎడమ పక్కన ఉండాల్సిన గుర్తులన్నీ మధ్యకు జరిగాయి. అంతవరకైతే ఓర్చుకునేదే. కానీ ఆమె తెరిచిన ఫైల్లో తెలుగు లేదు. తమ చర్చి యాభయ్యేళ్ల పండుగ కోసం నెలల తరబడి కూర్చుని టైపు చేసిన పాటల పుస్తకంలో పేజీ పేజీకీ కొమ్ములు, చుక్కలు, డాలరు గుర్తులు, తలకిందులైన ప్రశ్నార్థకాలు.

"సర్‌ప్రైజ్!" అంటూ లోపలి గదిలోంచి వచ్చాడు అన్న స్టీఫెన్. "పాత సిస్టమ్‌కి సపోర్ట్ ఆగిపోయిందని ఎన్నిసార్లు చెప్పాను? వైరస్ వస్తే మొత్తం పోతుంది. అందుకే మా ఆఫీసు ఫ్రెండ్‌తో కొత్తది వేయించాను."

"నాకు ముందు చెప్పొచ్చుగా?"

"చెబితే ఒప్పుకోవుగా!"

 సెలీనా ఒప్పుకోదని తెలుసు. తెలిసే చేశాడు. పైగా దానికి సర్‌ప్రైజ్ అని పేరు!

స్టీఫెన్ వెనక ఒకతను నిలబడి ఉన్నాడు. పొడవుగా, ఒక చేతిలో స్క్రూడ్రైవర్, ఇంకో చేతిలో ఎలిజబెత్ ఇచ్చిన టీ కప్పు.

"నమస్తే మేడం. దినేశ్. ఫైల్స్ ఒక్కటి గూడ పోలే. అన్నీ బ్యాకప్ తీసిన," అన్నాడు ధైర్యంగా.

"అవునా? అయితే ఇది కాస్త చదివి పెట్టండి."

అతను వంగి చూశాడు. ఇంకాస్త వంగి చూశాడు.

"ఇది... తెలుగా?"

"పొద్దున నేను బయటికి వెళ్లేదాకా తెలుగే!"

సెలీనా ఇంట్లోనే డీటీపీ చేస్తుంది. పెళ్లి కార్డులు, చర్చి కరపత్రాలు, అప్పుడప్పుడూ పుస్తకాలు. ఆమె వాడేది పాతకాలపు తెలుగు టైపింగ్ ప్రోగ్రాం. దాని అక్షరాలు దానివే. అది లేని కంప్యూటర్‌లో ఆ ఫైళ్లు తెరిస్తే కనిపించేది ఈ కొమ్ములూ చుక్కలే. దినేశ్ ఫైళ్లన్నీ భద్రంగా దాచాడు గానీ, వాటిని చదివించే ప్రోగ్రాం అందులో ఉందన్న సంగతే అతనికి తెలియదు. కొత్త సిస్టమ్ వేయడానికి డిస్క్ మొత్తం తుడిచేశాడు.

"మళ్ల వేస్త మేడం. సీడీ ఉందా?"

సీడీ ఉంది. దాని నిండా గీతలున్నాయి. కంప్యూటర్ దాన్ని కాసేపు గిరగిరా తిప్పి బయటికి నెట్టేసింది. ఆ ప్రోగ్రాం అమ్మిన చిన్న కంపెనీ ఏనాడో మూతపడింది.

"వచ్చే ఆదివారం ఈ పుస్తకం విడుదల," అంది సెలీనా.   "మా చర్చిలో పెద్దవాళ్లు సొంతంగా కట్టుకున్న పాటలు ఇవన్నీ. కొందరు చేతిరాత కాగితాలు కూడా ఉంచుకోలేదు, నా దగ్గర భద్రంగా ఉన్నాయని. ఇప్పుడు వాళ్లకి ఏం చెప్పమంటారు?"

"జర పరేషాన్ గాకుండ్రి..."

"పరేషానా? ఇది కోపం అండీ! తేడా తెలియట్లేదా?"

దినేశ్ టీ కప్పు పక్కన పెట్టేశాడు. "తెలుస్తుంది. తప్పు నాదే. కంప్యూటర్ ఎవరిదో వాళ్లనడగాలె గద. నేను స్టీఫెన్‌నే అడిగిన. నేను జేసిన గడబిడ నేనే సాఫ్ జేస్త."

తప్పు ఇంత త్వరగా ఒప్పుకునే మనిషిని ఎలా తిట్టాలో సెలీనాకి తెలియలేదు. దాంతో మిగిలిన తిట్లన్నీ స్టీఫెన్‌కి పడ్డాయి.

మర్నాటి నుంచి దినేశ్ హైటెక్ సిటీలో ఆఫీసు అయిపోగానే నేరుగా బోరబండ వచ్చేవాడు. పాత అక్షరాలను కొత్త యూనికోడ్ తెలుగులోకి మార్చే సాధనం ఒకటి దొరికింది. మార్చింది కూడా. కానీ దారిలో వత్తులు రాలగొట్టుకుంటూ, గుర్తులు తారుమారు చేసుకుంటూ వచ్చింది. అందుకని అతను తెర చూసి చదవడం, ఆమె జ్ఞాపకం తెచ్చుకుని దిద్దడం.

"'నీకే సుతి' అని ఉంది. మా దిక్కు 'కూడా'ను 'సుత' అంటం గని, ఈ సుతి ఏంది?"

"స్తుతి! త వత్తు ఎగిరిపోయింది!"

"అచ్ఛా. తర్వాత... 'నీ క్రుప చాలును.'"

"కృప. వట్రసుడి."

"మా గల్లీల అందరు క్రుప అనే అంటరు."

"అనండి. రాయకండి."

పేపరు వెనక నుంచి ఇశ్రాయేలు దగ్గు వినిపించింది. అది దగ్గు కాదు, నవ్వు. కాసేపటికి ఆయన పేపరు మడిచి, కుర్చీ జరుపుకుని, ఆ పాట రాగం ఎలా ఉంటుందో పాడి వినిపించారు. దినేశ్ వెంట పాడబోయాడు. "బాబూ, మీరు చదవండి చాలు," అంది సెలీనా వెంటనే.

ఆ సాయంత్రమే వాన మొదలైంది. బోరబండలో వాన కంటే ముందు కరెంటు పోతుంది. తెర నల్లబడగానే సెలీనా కుర్చీలోంచి లేచిపోయింది.

"అయిపోయింది! సాయంత్రం నుంచి చేసిందంతా పోయింది! నాలుగు చినుకులకే తీసేస్తారా? మనుషులు పనులు చేసుకోవద్దా?"

"సేవ్ చేసిన," అన్నాడు చీకట్లోంచి దినేశ్.

"ఎప్పుడు?"

"ప్రతి పేజీకి. మీ కోపం ఒకసారి చూసినంక చెయ్యకుండ ఉంటరా ఎవరన్న?"

కిటికీలోంచి మెరుపు వచ్చి ఒక్క క్షణం గది అంతా తెల్లబడింది. అతను ఆమెనే చూస్తున్నాడు. ఆమె నవ్వుతోంది. తను నవ్వడం అతను చూశాడని తెలిసి, అదొక అన్యాయంలా అనిపించి, ముఖం గబుక్కున కిటికీ వైపు తిప్పుకుంది.

పుస్తకం అచ్చయింది. ఆదివారం చర్చిలో విడుదలైంది. వత్తులన్నీ వేటి చోట్లో అవి కూర్చున్నాయి. దాంతో దినేశ్ పని అయిపోవాలి. కాలేదు. ఒకరోజు మౌస్ సంగతి చూస్తానని వచ్చాడు. ఇంకో రోజు ప్రింటర్ సంగతి. మరో రోజు స్పీకర్లు.

"స్పీకర్లు బాగానే ఉన్నాయిగా, ఎందుకొచ్చావు?" 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

"సౌండ్ జర తక్కువ వస్తుందేమో అని."

"ఈ ఇంట్లో సౌండ్ తక్కువా?"

నవ్వుకుంటూ వెళ్లాడు. చెప్పాల్సిన మాట ఆ రోజూ చెప్పలేదు. సెలీనా ఎదురు చూసింది. అతనెప్పుడో నోరు తెరుస్తాడు, తను కాసేపు బెట్టు చేస్తుంది, తర్వాత ఒప్పుకుంటుంది. అంతా మనసులో సిద్ధం చేసుకుంది.

ఒక శనివారం కూకట్‌పల్లి ప్రెస్సు నుంచి ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో కొత్త చెప్పులు కనిపించాయి. లోపల సోఫాలో ఇస్త్రీ చొక్కాలో దినేశ్. పక్కన పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడ. బల్ల మీద పండ్లు, స్వీట్ల పెట్టె. ఎలిజబెత్ కాఫీలు ఇస్తోంది. స్టీఫెన్ ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి నిలబడ్డాడు.

"రామ్మా. ఈవిడ దినేశ్ వాళ్లమ్మ, కిష్టమ్మ గారు. ప్రగతి నగర్ నుంచి వచ్చారు," అన్నారు ఇశ్రాయేలు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "నీ గురించే మాట్లాడుకున్నాం. వాళ్లు హిందువులు, మనం క్రైస్తవులం, ఎలాగా అని కాసేపు నలిగాను. ఆవిడ పెద్ద మనసుతో మాట్లాడారు. మాకందరికీ ఇష్టమేనమ్మా. పెళ్లి రిజిస్టర్ ఆఫీసులో పెట్టుకుని, తర్వాత..."

"ఎవరి పెళ్లి?"

ఇశ్రాయేలు భార్య వైపు, తర్వాత కూతురి వైపు చూశారు.

"నీదే కదమ్మా."

"నాకెవరూ చెప్పలేదే!"

"అందుకే కదా, సర్‌ప్రైజ్..." అని మొదలుపెట్టి, చెల్లెలి చూపు తగలగానే స్టీఫెన్ మిగతాది మింగేశాడు.

"కంప్యూటర్ అయిపోయింది, ఇప్పుడు నేనా?" సెలీనా చేతిలోని ప్రూఫ్ కాగితాలు బల్ల మీద పడేసింది. "నాన్నా, మీకు ఇష్టం. అమ్మకి ఇష్టం. అన్నయ్యకి ఇష్టం. కిష్టమ్మ గారికీ ఇష్టమే. ఊళ్లో ఇంకెవరినైనా అడగాలా? నన్ను తప్ప!" అంటూ దినేశ్ వైపు తిరిగింది. "ఆ రోజు ఏమన్నావు? ఎవరిదో వాళ్లనడగాలి అన్నావు. కంప్యూటర్‌కి ఇచ్చిన మర్యాద నాకు లేదా?"

"నీకు తెలుసనుకున్న..."

"అనుకున్నావా! నాకీ పెళ్లి వద్దు."

ఇశ్రాయేలు లేచి నిలబడ్డారు. మళ్లీ కూర్చున్నారు. అందరికంటే ముందు నోరు తెరిచింది కిష్టమ్మే. సెలీనాని కాదు, కొడుకుని పట్టుకుంది.

"ఏందిరా? పిల్లనడిగిన, ఒప్పుకుందని నాకు చెప్పినవ్ గద!"

"అడిగినట్టే అమ్మా..."

"అడిగినట్టే ఏంది? అడుగుడు వేరు, అడిగినట్టు వేరు." కిష్టమ్మ కొంగు సర్దుకుని లేచింది. "నా పెండ్లికి నన్నెవ్వరు అడగలే బిడ్డా. పందిట్ల కూసున్నంకనే ఆయన మొఖం చూసిన. నా కొడుకు గిట్ల చేస్తడని తెలిస్తే నేనస్సలు రాకపోదును. నువ్వన్నది నిజమే, ఖరా మాట. మనసుల పెట్టుకోకు." వెళ్తూ వెళ్తూ సెలీనా తల నిమిరింది. "లే రా!"

దినేశ్ తల వంచుకుని తల్లి వెనకే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అతను రాలేదు. ఫోన్ చేయలేదు. మెసేజ్ కూడా లేదు. ఇశ్రాయేలు "తప్పయిపోయిందమ్మా" అన్నారు. ఎలిజబెత్ ఇష్టమైన కూరలు వండింది. స్టీఫెన్ ఆమె గది ముందు నుంచి నడవడం కూడా మానేశాడు. అయినా కోపం తగ్గలేదు, పెరిగింది. అడగకుండా వచ్చాడని కోపం. అడగమని తిడితే అడగకుండా మాయమయ్యాడని అంతకు రెట్టింపు కోపం. మౌస్ పాడవదు, ప్రింటర్ పాడవదు, ఈ దిక్కుమాలిన స్పీకర్లు కూడా పాడవవు!

ఒక సాయంత్రం ఇక ఉండబట్టలేక బోరబండలో లోకల్ రైలెక్కి హైటెక్ సిటీలో దిగింది. వానలోనే ఆటోలో అతని ఆఫీసు గేటు దాకా వెళ్లి ఫోన్ చేసింది.

"కిందికి రా."

మెడలో ఐడీ కార్డు ఊగుతుండగా పరుగెత్తుకొచ్చాడు. గొడుగు తెచ్చుకోవడం మరిచిపోయాడు. గడ్డం పెరిగింది, కాస్త చిక్కాడు. చూడగానే ఆమె గుండె మెత్తబడింది. దాన్ని పక్కకు నెట్టి అడిగింది.

"ఇన్నాళ్లూ ఏమైపోయావు?"

"నువ్వే వద్దన్నవు గద."

"వద్దన్నది వాళ్లందరికీ! నువ్వెప్పుడు అడిగావని నీకు వద్దంటాను?"

"మళ్ల మళ్ల వస్తే సతాయించినట్టయితది. ఆడపిల్ల వద్దంటే వద్దనే అర్థమని మా అమ్మ చెప్పింది. నీ యాదిల పని గూడ సరిగ్గ చేస్తలేను, గని నిన్ను పరేషాన్ చెయ్యొద్దనుకున్న."

 అతను చెప్పింది సబబే. రైల్లో కూర్చుని తయారు చేసుకున్న కోపమంతా ఆ ఒక్క మాటకి తడిసిపోయింది. అది మరీ ఒళ్లు మండించింది.

"అయితే ఇప్పుడడుగు."

"ఇక్కడనా?" అతను చుట్టూ చూశాడు. సెక్యూరిటీ గార్డు చూస్తున్నాడు. ఒకే గొడుగు కింద ఇరుక్కున్న అతని టీమ్ వాళ్లు ముగ్గురూ చూస్తున్నారు.

"ఇక్కడే."

దినేశ్ తడి ముఖం చేత్తో తుడుచుకున్నాడు. "సెలీనా, నువ్వంటే నాకు పాణం. నన్ను పెండ్లి చేసుకుంటవా?"

"ఆదివారం నేను చర్చికి వెళ్తాను. పెళ్లయినా వెళ్తాను."

"నేనే దింపుత."

"నిన్ను లోపలికి రమ్మనను."

"పాటలకు మాత్రం వస్త. వత్తులతో సహా నాకన్నీ వచ్చు గద."

"బోనాలకి మీ అమ్మగారు పిలిస్తే వస్తాను. పూజ మాత్రం చేయను."

"ఆ సంగతి అమ్మకు నువ్వే చెప్పు. నీకైతే ఆమె ఎదురు చెప్పది."

ఆలోచించి చెబుతానని అనాలనుకుంది సెలీనా. బెట్టు చేయాలని ఎన్ని రోజులుగా అనుకుంది!

"సరే," అంది.

"సరే అంటే?"

"సరే అంటే సరే! తెలుగు రాదా నీకు?"

గొడుగు కిందివాళ్లు ఈలలేశారు. సెక్యూరిటీ గార్డు మొహమాటంగా చప్పట్లు కొట్టాడు. సెలీనా వాళ్ల వైపు గుర్రుగా చూసి, ఫోన్ తీసి తండ్రికి చేసింది.

"నాన్నా, దినేశ్ ఆఫీసు బయట రోడ్డు మీదున్నాను. అతను అడిగాడు. నేను సరే అన్నాను."

 అవతల ఇశ్రాయేలు గొంతు పైకి లేచింది.

"అనేశావా? ఇంత పెద్ద విషయం రోడ్డు మీద నిలబడి అనేశావా? ఇంట్లో ఒక్క మాట చెప్పొద్దూ?"

"ఇప్పుడు చెబుతున్నాగా నాన్నా."

"చెప్పావులే." ఆయన దగ్గారు. ఈసారి అది నవ్వూ కాదు, దగ్గూ కాదు. "అతన్ని కూడా తీసుకురా. మీ అమ్మ చేపల పులుసు పెట్టింది. ఆ వానలో నిలబడకండి, జలుబు చేస్తుంది."

ఫోన్ పెట్టేసిన సెలీనా కళ్లు తుడుచుకుంటుంటే దినేశ్ భయంగా అడిగాడు. "ఏమన్నరు?"

"కోపంగా ఉన్నారు."

"నిజంగనా?"

"మా ఇంట్లో అందరికీ ఉంటుంది. అలవాటు చేసుకో," అని, ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.