ముప్పై ఏడో నంబరు రాబందు

రికార్డు రూము గుమాస్తా శవం నోట్లో బొటనవేలంత ప్లాస్టిక్ తాబేలు దొరికింది.

చీఫ్ దాన్ని బల్లమీద పెట్టి మాస్టారి వైపు నెట్టాడు. మాస్టారన్నది గూఢచారి డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు. ఒకప్పుడు సరిహద్దు ఊళ్ళో ఆరేళ్ళు సైన్సు మాస్టారి వేషంలో ఉండి పని చక్కబెట్టుకొచ్చాడు. పేరు అంటుకుపోయింది. భార్య పోయాక అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు.

"పిల్లలకి జంతువుల గురించి నేర్పడానికి చేసిన బొమ్మలివి," అన్నాడు చీఫ్. "సీల్డ్ ప్యాకెట్. లోపల ఒక బొమ్మ, ఒక కార్డు. కార్డు మీద బరువు, ఆయుష్షు, తిండి. మొత్తం నలభై ఎనిమిది. ఏది వస్తుందో విప్పేదాకా తెలీదు. అదే మజా."

"పిల్లలు కొంటారా?"

"కొనేది మనబోటి వాళ్ళే."

గుమాస్తా అమ్మింది విదేశాల్లో ఉన్న పదకొండు మంది ఏజెంట్ల లిస్టు. పుచ్చుకున్నది తన సెట్‌లో తక్కువైన పన్నెండు కార్డులు. సెట్ పూర్తయిన మర్నాడే అతన్ని చంపేశారు. నోరు మూయించడం ఒక కారణం. రెండోది ముప్పై ఏడో నంబరు, రాబందు కార్డు. ప్రింటింగులోనే తక్కువ వేశారు. చంపినవాళ్ళు ఇల్లంతా తిరగేశారు. కార్డు శవం మేజోడులో డిపార్ట్‌మెంటుకి దొరికింది.

లిస్టులో ఏడో పేరు మాస్టారి కూతురిది. విదేశంలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. చీఫ్ ఆ మాట చెప్పలేదు, మాస్టారు అడగలేదు.

లిస్టు మైక్రోఫిల్మ్‌గా మారి ఒక బొమ్మ పొట్టలోకి చేరింది. కాపీ లేదు. ఆదివారం మధ్యాహ్నం ఈ బొమ్మలు పోగుచేసేవాళ్ళ సమావేశానికి విదేశీ కొరియర్ దాన్ని తీసుకొస్తాడు. నాలుగింటికి అక్కణ్ణుంచే విమానాశ్రయానికి కారు. చేతిలో డిప్లమాటిక్ పాస్‌పోర్ట్. ఒంటిమీద గాని సంచిమీద గాని చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. అతనంతట అతనే ఇవ్వాలి.

వేషం కోసం మాస్టారు ముందురోజు ఆరు ప్యాకెట్లు విప్పాడు. ఏడోదానికి వేళ్ళు వాటంతటవే తొందరపడ్డాయి. లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు.

ఆదివారం సమావేశం హాలంతా చెమట కంపు, కొత్త ప్లాస్టిక్ కంపు. నలభై దాటిన మగవాళ్ళు తెల్ల గ్లవ్స్ వేసుకుని కప్పల్నీ తొండల్నీ పట్టకార్లతో ఎత్తి చూస్తున్నారు. ఒకడు ఏనుగు చెవిలో దుమ్ము ఊదుతున్నాడు. ఇంకొకడికి ఇంటినుంచి ఫోనొచ్చింది. పిల్లాడి జ్వరం సంగతేదో. నెమలి దొరికిందని చెప్పి పెట్టేశాడు. మాస్టారికి ఉమ్మెయ్యాలనిపించింది.

బొమ్మల కండిషన్‌కి మార్కులు వేసే బల్ల దగ్గర నల్ల సిల్కు కోటులో మేడమ్ కూర్చుంది. హాల్లో బొమ్మలు కాకుండా చూడదగ్గది ఆవిడొక్కతే. చూసినవాడు లేడు. రెండు దేశాల దగ్గరా జీతం తీసుకుంటుంది.

"అలుగుకి పళ్ళుంటాయా మేడమ్?"

"ఉండవు. నాలుకే."

కోడ్ సరిపోయింది. ఆవిడ భూతద్దం తుడుస్తూ మెల్లగా చెప్పింది. ఫిల్మ్‌ని, ఒళ్ళంతా పొలుసులుండే ఆ అలుగు బొమ్మలో పెట్టమని కొరియర్‌కి ఆర్డరు. అపురూపమైంది కాబట్టి ఎవరడిగినా ఇవ్వనంటే అనుమానం రాదు.

"డబ్బు చూపిస్తే నవ్వుతాడు మాస్టారూ. ముప్పై ఏడు చూపించండి, ఏడుస్తాడు."

"ఇంతకీ నువ్వెవరి పక్షం?"

"నాలుగింటిదాకా మీ పక్షం."

కొరియర్ బొద్దుగా, మర్యాదగా ఉన్నాడు. మన భాష చక్కగా మాట్లాడుతున్నాడు. ఆల్బంలో నలభై ఏడు కార్డులు, ఒక ఖాళీ గడి. మాస్టారు రాబందుని బల్లమీద పెట్టగానే అతని కింది పెదవి తడిసింది. అడక్కుండానే అలుగుని ముందుకు జరిపాడు.

అంత తేలిగ్గా ఇచ్చేస్తున్నాడేమిటి? మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. డిపార్ట్‌మెంటు చేయించిన అద్దాలు, వెంట్రుకని తాడంత చేసి చూపిస్తాయి. అలుగు పొట్టమీద చిన్న గీత కూడా లేదు. మేడమ్ అబద్ధమాడిందా? చుట్టూ ఉన్న తెల్ల గ్లవ్స్‌ని ఇంకోసారి చూశాడు. అప్పుడర్థమైంది. పదకొండు మందిని చావుకి పంపడానికి వెనకాడనివాడికి, మచ్చలేని అలుగుకి చిల్లి పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఆర్డరు మీరాడు. విలువలేని బొమ్మకే చిల్లి పెట్టి ఉంటాడు.

డూప్లికేట్ల పెట్టెలో తొమ్మిది కప్పలున్నాయి. చివరిదాని పొట్టమీద జిగురు మెరుస్తోంది.

"అలుగొద్దు. ఆ చివరి కప్ప ఇవ్వండి."

"మిగతా ఎనిమిదీ తీసుకోండి సార్. అలుగు కూడా ఉంచుకోండి."

"అదే కావాలి."

"అది డ్యామేజ్ పీసు సార్."

"నేనూ అంతే."

నాలుగవడానికి మూడు నిమిషాలుంది. బయట కారు హారన్ మోగింది. కొరియర్ పెట్టె మూసి లేచాడు. మాస్టారు కార్డుని రెండు చేతుల్తో పట్టుకుని కొద్దిగా వంచాడు.

"వంచకండి సార్. దయచేసి."

"కప్ప."

మళ్ళీ హారన్. కొరియర్ తలుపుని చూశాడు, పెట్టెని చూశాడు, కార్డుని చూశాడు. ఉత్తచేతుల్తో వెళితే తనవాళ్ళే చంపుతారని అతనికి తెలుసు. అయినా పెట్టె తెరిచాడు. కప్పని బల్లమీద పెట్టాడు.

మాస్టారు కప్పని జేబులో వేసుకున్నాడు. బేరం ప్రకారం కార్డు ఇచ్చాడు. ఇచ్చేముందు దాన్ని నడిమికి మడిచి, మడతమీద గోటితో గట్టిగా గీశాడు.

కొరియర్ బావురుమన్నాడు. అలాంటి ఏడుపు మాస్టారు ఇదివరకొక్కసారే విన్నాడు, భార్యని ఇంట్లోంచి తీసుకెళ్ళినరోజు కూతురి నోట. అది కూడా ఇంత గట్టిగా లేదు.

మెట్లు దిగి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"ఫిల్మ్ దొరికింది. పదకొండు పేర్లూ ఇక మన దగ్గరే."

"శభాష్. మరి కార్డు వెనక్కి తెచ్చావా?"

"వాడికిచ్చేశాను. నడిమికి మడిచి."



"అయ్యో," అన్నాడు చీఫ్.

గుమాస్తా శవం దగ్గర ఆయన నోటినుంచి ఆ మాట రాలేదు.