రోహిణి ఎండలో చలి

రామచంద్రపురంలో బియ్యం వర్తకులు జోగేశ్వరరావు గారి భార్య కన్యకమ్మ గారికి గడ్డం కింద కంతి లేచింది. ఆవిడకి సపర్యలు చేసేదాన్ని నేనే. రాజమండ్రి నుంచి వచ్చిన డాక్టరు గారు చూసి, ఐసు నలగ్గొట్టి ఉప్పు కలిపి అదిమిపెడితే ఆ చలికి కంతి చచ్చి రాలిపోతుందన్నారు. మద్రాసు నుంచి ఓడలో కాకినాడ దిగిన ఐసుని ఊకలో పూడ్చి, కాలవ పడవ మీద తెప్పించారు. పెట్టగానే కంతి కర్పూరంలా తెల్లబడింది. ఎన్నాళ్లకో ఆవిడ నొప్పి లేకుండా నిద్రపోయారు. ఇంకోసారి పెడితే గండం గడుస్తుందన్నారు డాక్టరు గారు.

చైత్రంలో రెండో ఐసు పెట్టె వచ్చింది. ఆ పూటే తాసీల్దారు గారు విందుకొచ్చారు. జోగేశ్వరరావు గారు ఆ ఐసంతా షర్బత్తులో వేయించేశారు. ఆవిడ పడుకున్న వెనక గదిలోకి ఐసు నలగ్గొట్టే రోకలి చప్పుడూ, నవ్వులూ వినిపిస్తున్నాయి.

"అది నా ఐసేనా, అప్పాయమ్మా?" అన్నారావిడ.

నేను లేచి తలుపు దగ్గరగా వేశాను.

కంతి పగిలింది. మళ్లీ ఓడ వచ్చేదాకా ఆవిడ ప్రాణం ఆగలేదు. పోయేముందు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఆయన దాహం నేనే తీరుస్తాను."

ఆ గొంతులో ఏడుపు లేదు.

రోహిణి కార్తె. మిట్టమధ్యాహ్నం. కాకి కూడా అరవడం లేదు. జోగేశ్వరరావు గారు భోంచేసి, కూజాలో నీళ్లు ఒక్క గుక్క తాగారు... చెంబు జారిపోయింది. చలి అన్నారు. దుప్పట్లు కప్పాం. మంచం చుట్టూ కుంపట్లు పెట్టాం. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నోట్లోంచి తెల్లగా ఆవిరి... గదంతా తడి ఊక వాసన. గడ్డం కింద చర్మం రూపాయి బిళ్లంత తెల్లబడింది. అరచెయ్యంత అయింది... గొంతు చుట్టూ పాకింది.

"చెయ్యి తియ్యమని చెప్పు," అని గొణిగారు. "అదుముతోంది..."

ఆయన గొంతు మీద ఎవరి చెయ్యీ లేదు.

పొద్దు వాలకముందే పోయారు.

ఎముకలు ఏరడానికి ఆయన తమ్ముడు వెంకటసుబ్బారావు గారు వెళ్లారు. ఆయన ఆ విందుకి రానేలేదు. వదినగారంటే ప్రాణం పెట్టేవారు. బూడిద ఇంకా కాలుతోందట. దవడ ఎముక ఒక్కటే చేతికి జివ్వుమని చల్లగా తగిలిందట.

ఆనాటి నుంచి ఆయన కుడిచేతి వేళ్లు కదలవు. నిప్పు మీద పెట్టినా తెలియదంటారు.

నిన్న నేనే ఆ చేతి కట్టు విప్పాను... తెలుపు మణికట్టు దాటింది.