ఆరో వంతెన దాకా

ఫోటోగ్రాఫర్ ఒక చేత్తో పిట్టగోడ పట్టుకుని, రెండో చేత్తో కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో వంతెన కమానును తోముతుండగా వెనక నుంచి ఆడగొంతు వినిపించింది.

"ఏం చేస్తున్నారండీ?"

"కనబడట్లేదా? శుభ్రం చేస్తున్నా," అన్నాడు తల తిప్పకుండానే. "ఎవరో పనిలేనివాళ్లు ఇంత పాత బ్రిడ్జి మీద పసుపు గీతలు గీసి పోయారు. పైగా ఘనకార్యం చేసినట్టు పక్కనే తారీఖులు కూడా. వెనక నాలుగు బ్రిడ్జిల మీదా ఇదే గోల. దొరికితే చెవి మెలిపెడదును."

"ఏ చెవి?"

అప్పుడు తల తిప్పాడు. వచ్చినామె నెత్తిన హెల్మెట్, నడుముకు చిన్న సుత్తి, చేతిలో పసుపు రంగు మైనపు సుద్ద. ఆ సుద్దను చూడగానే అతను తోమడం మానేశాడు.

ఆమె వంతెనల ఇంజనీరు. ఆ లోయలో ఉన్న ఆరు పాత వంతెనలను పరీక్షించి రమ్మని రోడ్ల శాఖ పంపింది. రాతిలోనో చెక్కలోనో పగులు కనిపిస్తే దాని రెండు కొసల దగ్గరా గీత గీసి తేదీ వేస్తుంది. ఆరు నెలల తర్వాత వచ్చి చూసినప్పుడు పగులు గీత దాటి ఉంటే, పెరుగుతోందని అర్థం. వానకు పోకూడదని ప్రత్యేకంగా మైనం కలిపిన సుద్ద వాడుతుంది. వానకు పోనిది కిరసనాయిలుకు పోతుందని ఆమెకు ఆరోజే తెలిసింది.

అతని వైపు నుంచి చూస్తే అతని తప్పూ లేదు. బాబాయి స్టూడియో కొత్త సంవత్సరానికి పాత వంతెనల క్యాలెండర్ వేస్తోంది. బాబాయి పట్టుదల మనిషి. ఫోటోలో మచ్చ దిద్దితే అబద్ధం అంటాడు. మచ్చ ఉంటే ఉన్నచోటే తుడిచి అప్పుడు ఫోటో తియ్యమంటాడు. అందుకే అతని మోటార్ సైకిలు పెట్టెలో కెమెరా పక్కనే కిరసనాయిలు డబ్బా ఉంటుంది.

ఆమె అరవలేదు. అరిస్తేనే బాగుండుననిపించింది అతనికి. మొదటి వంతెన నుంచి గీతలన్నీ మళ్లీ గీయాలని, అందుకు నిచ్చెన మోసే మనిషి ఒకడు కావాలని, ఆ మనిషి ఇప్పుడు తన కళ్లముందే గుడ్డ పట్టుకుని నిలబడ్డాడని నెమ్మదిగా చెప్పింది.

అతను నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట ఒకటుంది. దేన్నయినా తుడిచే ముందు, అది ఉన్నది ఉన్నట్టు ఒక ఫోటో తీసి పెట్టుకోవడం స్టూడియో అలవాటు. ఐదు వంతెనల మీది ప్రతి గీతా, ప్రతి తేదీ అతని కెమెరాలో భద్రంగా ఉన్నాయి. అవి చేతిలో పెట్టి, దణ్ణం పెట్టి, ఇంటికి పోవచ్చు.

"రేపు పొద్దున్న ఏడింటికి," అంది ఆమె, హెల్మెట్ కిందికి జారిన జుట్టు పైకి తోసుకుంటూ. "ఆలస్యమైతే ఏ చెవి మెలిపెట్టాలో నేను చెప్తాను, శుభ్రంగారూ."

అతను నోరు మూసేశాడు. ఇంటికి పోవాలనిపించలేదు మరి.

మొదటి వంతెనకు మూడు కమాన్లు, ఒళ్లంతా నాచు. ఆమె ఒక్కో రాయినీ సుత్తితో తట్టి చెవి ఆనించి వింటుంది. గట్టి రాయి ఖంగుమంటుందట, లోపల డొల్లగా ఉంటే చప్పుడు మొద్దుగా వస్తుందట. అతనికి రెండూ ఒకటే అనిపించాయి. తేడా బాగా తెలియాలంటే అతని తల మీదే తట్టి చూపించాలని ఆమె అంది. ఇద్దరూ నవ్వడం అదే మొదలు.

రెండోది రేకు కప్పు ఉన్న చెక్క వంతెన. వాళ్లు సగం దాటారో లేదో వాన పట్టుకుంది. గంటసేపు కదలడానికి వీల్లేదు. అతని దగ్గర బిస్కెట్లు, ఆమె దగ్గర ఫ్లాస్కు. ఇద్దరికీ ఒకటే మూత. రేకు మీద వాన హోరులో ఒకరి మాట ఒకరికి వినబడాలంటే దగ్గరగా జరగాల్సి వచ్చింది. ఆ విషయంలో వానకు అతను జన్మంతా రుణపడి ఉంటాడు.

ఫోటో అంటే క్లిక్కుమనగానే అయిపోతుందని అతను గొప్పగా చెప్పాడు. అందుకే మీకు తొందరెక్కువ అంది ఆమె. ఏ పగులునూ ఒక్కసారి చూసి తేల్చకూడదని, రెండోసారి రావడమే తమ ఉద్యోగంలో మొదటి పాఠమని చెప్పింది.

"పగులంటే నాకు భయం లేదండీ. కనిపిస్తే బాగుచేయొచ్చు," అంది ఫ్లాస్కు మూత తుడుస్తూ. "పైన పూత పూసి దాస్తారు చూడండి, అది మాత్రం నాకు గిట్టదు."

అతని నోట్లో బిస్కెట్ అక్కడే ఆగిపోయింది. కెమెరా సంచిని మెల్లగా వీపు వెనక్కి జరుపుకున్నాడు.

మూడో వంతెన కింద నది లేదు. ఎప్పుడో పక్కకు తప్పుకుని వేరే దారి చూసుకుంది. గడ్డి మైదానం మధ్య వంతెన ఒక్కటే మిగిలింది. ఎవరూ దాటని దాన్ని పరీక్షించడమెందుకని అతను అడిగాడు. ఎవరూ దాటకపోయినా తన బరువు తాను మోస్తూనే ఉంది కదా అంది ఆమె, ఆ రాయిని అరచేత్తో నిమురుతూ. అతను ఆ చెయ్యి ఫోటో తీశాడు. అది క్యాలెండర్ కోసం కాదు.

నాలుగోది ఇనుప గొలుసుల వేలాడే వంతెన. నిచ్చెన మోయగలడు గాని ఊగే చోట కాలు పెట్టలేడని ఆరోజు బయటపడింది. ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుని అవతలి ఒడ్డు దాకా నడిపించింది. ఒడ్డు చేరాక కూడా కాసేపు వదల్లేదు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఐదోది కూడా అయిపోయింది. ఇక మిగిలింది ఆరోది. అది ఇద్దరికీ కొత్తదే. అక్కడ పని ముగిస్తే ఆమె నగరంలో ఆఫీసుకు వెళ్లిపోతుంది. ఆరో వంతెన దగ్గర నిజం చెప్పేయాలని అతను గట్టిగా అనుకున్నాడు. నిజమంటే ఒకటి కాదు, రెండు.

కానీ ముందురోజు మధ్యాహ్నం ఐడీ కార్డుకు ఫోటో కావాలని ఆమే స్టూడియోకు వచ్చింది. కౌంటర్లో పిన్ని ఉంది. క్యాలెండర్ ప్రింట్లన్నీ బల్ల మీద జంటలు జంటలుగా పరిచి పెట్టుకుంది.

"చూడమ్మా మావాడి పనితనం," అంది పిన్ని మురిసిపోతూ. "తుడవక ముందు ఇలా ఉండేది. తుడిచాక ఇలా."

అతను లోపలి గదిలోంచి వచ్చేసరికి ఆమె మొదటి ప్రింటు మీదికి వంగి ఉంది. పసుపు గీతలు, పక్కన తేదీలు, అంకెతో సహా చదువుకోవచ్చు. ఆమె పిన్నితో ఫోటోలు చాలా బాగున్నాయంది. ఐడీ ఫోటో దిగి రసీదు తీసుకుంది. గుమ్మం దగ్గర మాత్రం ఆగింది.

"రేపు నిచ్చెన నేనే తెచ్చుకుంటానండీ."

ఆ మాట అతనికి తగిలింది. తిట్టినా ఇంత బాధపడేవాడు కాదు.

పిన్నికి మొహం చూస్తే కథ తెలిసిపోతుంది. నిచ్చెన మోయడానికి వెళ్లేవాడు రోజూ బూట్లకు పాలిష్ ఎందుకు కొడుతున్నాడో ఇప్పుడర్థమైందంది. మొత్తం చెప్పించుకుని, ఫోటోలన్నీ ఒక కవరులో పెట్టి చేతికిచ్చింది. "ఇచ్చి ఊరుకోకు. నోరు కూడా తెరువు," అంది.

ఆరో వంతెన సన్నటి రాతి వంతెన. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగడానికి పిట్టగోడలో చిన్న గూళ్లు కట్టారు. ఆమె పని ముగించి అలాంటి ఒక గూట్లో కూర్చుని ఉంది. అతను ఎదుటి గూట్లో నిలబడి కవరు చాచాడు.

"మొదటిరోజే ఇవ్వాల్సింది. ఇస్తే వెళ్లిపోతారని ఇవ్వలేదు. అది అబద్ధమే, కాదనను. నిచ్చెన మోయడం నాకేం సరదా కాదండీ. దాని మీద మీరుంటారని మోశాను. మీరంటే నాకు చాలా ఇష్టం. చెప్పడం అయిపోయింది. ఇప్పుడు చెవి మెలిపెట్టినా సరే."

ఆమె కవరు తీసుకుంది, విప్పలేదు. సంచిలోంచి పచ్చ అట్ట పుస్తకం తీసి అతని చేతిలో పెట్టింది.

అతను తెరిచాడు. మొదటి వంతెన, రెండో కమాను, ఎడమ నుంచి నాలుగో రాయి, పగులు పొడవు ఇంత. పక్కన బొమ్మ. పేజీ తర్వాత పేజీ, ఐదు వంతెనలూ ఉన్నాయి. తేదీలు చూశాడు. అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఇదంతా... నేను తుడవక ముందు రాసిందా?"

"పుస్తకంలో రాసుకోకుండా ఏ ఇంజనీరైనా బ్రిడ్జి దిగుతుందా?"

"అంటే, గీతలు మళ్లీ గీయడానికి..."

"పుస్తకం చూసి గీస్తే రెండు రోజుల పని." ఆమె తల వంచుకుంది. "మనం తొమ్మిది రోజులు తిరిగాం. మొదటిరోజు మీకు బుద్ధి చెబుదామనే అనుకున్నాను. వాన పడ్డాక ఇక చెప్పబుద్ధి కాలేదు."

"మరి నిన్నటి కోపం?"

"నిజంగానే వచ్చింది. గదికి వెళ్లి రిపోర్టు రాద్దామని ఇది తెరిచాను. పూత పూసింది మీరొక్కరే కాదని అప్పుడు గుర్తొచ్చింది." కవరును ఒళ్లో పెట్టుకుంది. "సాయంత్రం మీ పిన్ని కూడా ఫోన్ చేశారు. మావాడికి తుడవడమే గాని మాట్లాడటం రాదు, కాస్త ఓపిక పట్టి వినమ్మా అన్నారు. ఆదివారం భోజనానికి రమ్మన్నారు."

"వస్తానన్నారా?"

"మీరు మాట్లాడితే వస్తానన్నాను."

అతను నవ్వాడు. ఆమె సుద్దముక్క అతని చేతికిచ్చి పిట్టగోడ మీద వెంట్రుకంత పగులు చూపించింది. దానికొక్కదానికే గీత గీయకుండా ఉంచింది. అతను జాగ్రత్తగా రెండు కొసలా గీతలు గీసి తేదీ వేశాడు. ఆరు నెలల తర్వాత చూడటానికి ఎవరొస్తారని అడిగాడు.

"నేనే. పొద్దున్న ఆఫీసుకు ఫోన్ చేసి అడిగి ఆ డ్యూటీ నాకే వేయించుకున్నాను," అంది ఆమె. "కానీ శుభ్రంగారూ, ఆరు నెలలు ఆగాల్సింది ఈ పగులు కోసమే."

ఆ ఏడాది క్యాలెండర్లో ఆరో వంతెన బొమ్మ చూసి బాబాయి కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. పిట్టగోడ మీద పసుపు గీతలు, తేదీ స్పష్టంగా ఉన్నాయి. తుడవడం మర్చిపోయావేంరా అని అడిగాడు.

"అది తుడిచేది కాదు బాబాయ్," అన్నాడు ఫోటోగ్రాఫర్.