మొదటి కాన్పు

"ఏమయ్యా, పిల్లోడు యాడ? దేవదానం యాడ?"

రాహేలమ్మ కేకకు జమ్మలమడుగు మిషన్ కాంపౌండులోని వరుస ఇళ్లన్నీ ఉలిక్కిపడ్డాయి! మర్నాడే కోత పండుగ. గుడి నిండా జనం చూస్తుండగా పాదిరి అయ్యగారు దేవదానం తలమీద చేతులుంచి, ప్రార్థన చేసి, దేవుని పనికి సాగనంపాలి. అందుకోసం ఆ తల్లి తెల్లపంచె ఉతికి, గంజి పెట్టి, తాడు మీద ఆరేసింది. పంచె తాడు మీదే ఉంది... కట్టుకోవాల్సిన కొడుకు మాత్రం ఇంట్లో లేడు!

భర్త జక్రయ్య ఆసుపత్రి గేటు కాపలాదారు. మాటలు పొదుపుగా వాడే మనిషి. మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"పొద్దున్నే ప్రొద్దుటూరు బస్సెక్కినాడంట. ఆ మోటారు షెడ్డుకే పోయింటాడులే."

"మోటారు షెడ్డుకా! దేవుని బిడ్డకు మోటారు షెడ్డులో ఏం పని? నువ్వు తండ్రివా, గేటుకు కట్టిన గొలుసువా? పట్టుకోని ఆపొద్దూ?"

రాహేలమ్మ కొంగు నడుముకు దోపి, ఉన్నపళంగా బస్సుకు పరుగెత్తింది.

ఆమె ఆరాటం ఊరికే వచ్చింది కాదు. పెళ్లయి ఏళ్లు గడిచినా ఆమె కడుపు పండలేదు. అత్త నోట ‘గొడ్రాలు’ అనే మాట వినని పొద్దు లేదు. ఒక కోత పండుగనాడు అందరూ జొన్న కంకులు, కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చి దేవుని సన్నిధిలో పెడుతుంటే, ఉత్త చేతులతో నిలబడ్డ రాహేలమ్మ మోకాళ్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "ప్రభువా! అందరూ తొలి పంట తెస్తాండారు. నేనేం తెచ్చేది? నా కడుపు పండించు తండ్రీ... మొదటి కాన్పు నీదే! నీ పనికే ఇచ్చేస్తా!" అని మొక్కుకుంది. దేవుడు విన్నాడు! ఒకరికి ఇద్దరు బిడ్డల్నిచ్చాడు! కొడుకుకు దేవదానం అని పేరు పెట్టి, వీడు దేవుని సొమ్మని సంఘమంతటికీ చాటుకుంది. వాడు నడక నేర్చిన దగ్గర్నుంచి వాణ్ణి పాదిరిగానే చూసుకుంది ఆ పిచ్చి తల్లి!

ఇక కూతురు తబిత సంగతంటారా? ఆ పిల్లతో ఎవరికీ ఏ బెంగా లేదు. ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డులో ఆయాగా చేస్తూ, ఇంటికొచ్చి సంగటి కెలికి, నోరెత్తకుండా తిరిగే పిల్ల. పులివెందుల దగ్గరి పల్లెలో ఉండే మేనమామ లాజరు కొడుక్కే ఇస్తామని ఎప్పుడో మాటయిపోయింది. అమ్మానాన్నలు గత్తర జబ్బుకు పోతే రాహేలమ్మను చంకనేసుకుని పెంచిన అన్న లాజరు. పుట్టిల్లంటే ఆమెకు ఆయనే! రేపు ఆరాధన కాగానే ప్రధానం ఉంగరం తొడగడానికి భార్యను వెంటబెట్టుకుని వస్తున్నాడు. వదిన సంతోషమ్మకు ఉబ్బసం. ఇంటికి కోడలు వెంటనే కావాలి.

ప్రొద్దుటూరులో షెడ్డు కనుక్కోవడం కష్టం కాలేదు. బస్సు కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి. కన్నతల్లికి ఆ కాళ్లు తెలియవా?

"లెయ్ రా! లేచి రా బయటికి!"

దేవదానం పాకుతూ బయటికి వచ్చాడు. మొహమంతా నల్ల నూనె. రాహేలమ్మ కళ్లనీళ్లు జలజలా రాలాయి.

"రేపు అయ్యగారు చెయ్యి పెట్టాల్సిన తలరా అది! ఎట్ల చేసుకున్నావు నాయనా!"

"అమ్మా, నేను రాను. నన్ను కొట్టినా రాను." వాడు చూపు తిప్పుకోలేదు. "గుడిలో నిలబడితే నాకు నోరు పెగల్దు. అయ్యగారు చెప్పిందే మళ్లా చెప్తా. అది నా మాట కాదు. అందరి ముందర నిలబడి దేవునికి అబద్ధం చెప్పమంటావా? ఈడ ఇంజను సప్పుడు వింటే చాలు, దానికి యాడ రోగమో నాకు తెలిసిపోతాది. మేస్త్రి షరీఫన్న నాకు పని నేర్పిస్తానన్నాడు. నేను ఆరాధనకు వస్తా, పాట పాడతా, కానుకిస్తా. పాదిరిని మాత్రం కాలేనమ్మా!"

"నిన్ను దేవునికిచ్చేసినా గదరా! మోకాళ్ల మీద పడి, మొదటి కాన్పు నీదే ప్రభువా అని..."

"మొదటి కాన్పు నేనా అమ్మా?"

రాహేలమ్మ కొంగుతో వాడి మొహం మీది నూనె తుడవబోయింది.

"చెప్పమ్మా. నేనా?"

వాడు వెటకారంగా అడగలేదు పాపం! నిజంగానే అడిగాడు. ఆ అడగడమే ఆమె గుండెల్లో గునపం దింపింది. రాహేలమ్మ అక్కడే ఉన్న టైరు మీద చతికిలబడింది. మేస్త్రి షరీఫ్ కంగారుపడి లోపల్నుంచి చాయ్ తెచ్చాడు.

"తాగక్కా. పిల్లోని మీద కోపం చేసుకోవాకు. నిమ్మళంగా ఉండు."

ఆమె చాయ్ తాగిందో లేదో ఆమెకే తెలియదు. తిరుగు బస్సులో పెన్న ఇసుక మీద ఎండ మండిపోతుంటే, ఆమెకు కనపడిందల్లా పురిటి మంచం! తబిత పుట్టిన పొద్దు... ఆనందంతో ఏడుస్తూ, "అత్తా, ఈ బిడ్డ దేవునిది, మొక్కుకున్యా" అంది తను. అత్త మూతి విరిచింది. "ఆడదాన్ని ఏం చేసుకుంటాడే దేవుడు? గుడిలో నిలబెట్టి ప్రసంగం చెప్పిస్తావా? మొగబిడ్డ పుట్టినాక చూద్దాంలే." అంతే! అత్త మాట దేవుని మాటయిపోయింది! ఆడదని తనను చులకనగా చూశారని ఇన్నాళ్లూ కుమిలిన రాహేలమ్మే, తన కడుపున పుట్టిన ఆడబిడ్డను దేవుని లెక్కలోంచి తీసేసింది... అయ్యో, ఎంత పని చేసింది!

బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా ఆసుపత్రికి పోయింది. వరండాలో ఒక ముసలామె మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని కూచుని ఉంది. ఊళ్లో గాజుల బేరం చేసే బిస్మిల్లా బీ. రాహేలమ్మను చూడగానే గబుక్కున లేచి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు తబిత తల్లివి గదూ? చూడు, మనవడు! బిడ్డ అడ్డం తిరిగినాడు, డాక్టరమ్మ ఆపరేషనుకు సిద్ధం చేస్తాంది, నా కోడలు మొగ డాక్టర్లున్న గదిలోకి పోనంటే పోనని ఒకటే ఏడుపు. నీ కూతురు దాని తల ఒళ్లో పెట్టుకోని ఏం మాట్లాడిందో ఏమో! పిల్ల నిమ్మళించి లోపలికి పోయింది. తల్లీబిడ్డా దక్కినారు! ఆ పిల్ల చేతుల్లో అల్లా బర్కత్ పెట్టినాడమ్మా, బర్కత్! ఏం పుణ్యం చేసుకోని కన్నావో!"

దేవుని దీవెన! ఎన్నాళ్లుగానో కొడుకు తల మీద ఎప్పుడు దిగుతుందా అని తను కాచుకుని ఉన్న దీవెన, కూతురి చేతుల్లో ఉందని పరాయి మనిషి వచ్చి చెప్పాల్సి వచ్చింది! రాహేలమ్మకు ఒళ్లంతా పులకరించింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

తబిత చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. తల్లి మొహం చూసి బెదిరిపోయింది.

"ఏమైందమ్మా? తమ్ముడు దొరికినాడా?"

"వాడు బాగున్నాడులే. నేను నిన్నొక మాట అడగాల. నిజం చెప్పు బిడ్డా... నీకు పెండ్లి ఇష్టమేనా? ఈ పని ఇష్టమా?"

తబిత తల వంచుకుంది.

"డాక్టరమ్మ నర్సు ట్రైనింగులో చేరమని ఎప్పట్నుంచో అడుగుతాంది. పెండ్లి కాని పిల్లలనే చేర్చుకుంటారంట. నేను లేదని చెప్పేసినా."

"ఎందుకే? నాకొక మాట చెప్పకూడదా?"

"ఎట్ల చెప్పేదమ్మా? నువ్వు మామకు మాటిచ్చినావు. దేవుని పనికి తమ్ముణ్ణిచ్చినావు. మళ్లా నేను కూడా దేవుడు పిలుస్తాండాడంటే నువ్వు నవ్వుతావేమోనని..." ఆ పిల్ల వార్డు వైపు చూసింది. "వార్డులో రోగుల మంచం దగ్గర నిలబడితే, ప్రభువు నా పక్కన నిలబడినట్లే ఉంటాదమ్మా! నేను పుట్టిందే దీనికేమో అనిపిస్తాది. ఇంటికొచ్చి నోరు మూసుకుంటా. నన్నెవురూ అడగలే గదా!"

"అడగలే... తల్లినయ్యుండీ అడగలే! నా తల్లీ, నువ్వేనే నా మొక్కు! దేవుడు నిన్నే అడిగినాడు, నేను దాచిపెట్టుకున్యా!" రాహేలమ్మ కూతుర్ని కావలించుకుని బావురుమంది. "కానీ నేనిస్తే పోవద్దు. నీకిష్టమైతేనే పో."

"నాకిష్టమేనమ్మా! శానా ఇష్టం!" అంటూనే తబిత ఆగిపోయింది. "మరి మామ? నీకు పుట్టిల్లు లేకుండా పోతాదే!"

"రేపు మామతో నేను మాట్లాడతాలే" అంది రాహేలమ్మ.

మర్నాడు గుడి కిటకిటలాడిపోయింది. జొన్న కంకుల కట్టలు, చెనిక్కాయల గంపలు, కాళ్లు కట్టిన కోళ్ల గోల! ముందు వరుసలో కొత్త తలపాగాతో లాజరు, పక్కనే ఆయాసపడుతూ సంతోషమ్మ. ఆరాధన మొదలయ్యాకే వచ్చి కూచున్నారు. అన్నతో ముందే మాట్లాడదామనుకున్న రాహేలమ్మకు ఆ వీలే చిక్కలేదు. అయ్యగారు కానుకలు దీవించి, "దేవదానం తల్లీ, బిడ్డను తీసుకోని రామ్మా" అని పిలిచారు.

రాహేలమ్మ లేచింది. దేవదానం వెనక వరుసలో, గోళ్లలో నల్లటి మరకలతో, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె అటు పోలేదు. ఆడవాళ్ల వైపుకు పోయి తబిత చెయ్యి పట్టుకుంది! గుడంతా గుసగుసలు!

"అయ్యగారూ, మొదటి కాన్పు దేవునిదని మొక్కుకున్యా. ఇదే నా మొదటి కాన్పు. ఆడబిడ్డని పక్కన పెట్టినా... దేవుడు మాత్రం పక్కన పెట్టలే! ఇది నర్సు పని నేర్చుకోవాలనుకుంటాంది. రోగుల సేవకు దీన్నే సాగనంపండి!" ఆమె అన్న వైపు తిరిగి చేతులు జోడించింది. "అన్నా! దేవునికిచ్చిన బిడ్డను నీకిస్తానన్యా. తప్పంతా నాదే. నన్ను కొట్టు, తిట్టు. దాన్ని మాత్రం పోనీ అన్నా!"

లాజరు మొహం జేవురించింది.

"నలుగుర్లో నా పరువు తీస్తావా? చంకనేసుకోని సాకినందుకు మంచి బహుమానమే ఇచ్చినావు! ఈ పొద్దుతో నీకు పుట్టిల్లు లేదు, పో! ఏమ్మే, లెయ్, పోదాం!" అని భార్యను గద్దించి వాకిలి వైపు నడిచాడు.

రాహేలమ్మ కూతురి భుజం పట్టుకుంది. కానీ సంతోషమ్మ లేవలేదు.

"నేను రాను" అంది, ఆయాసపడుతూనే.

"ఏందీ?"

"రానంటాండా! నీకు కోడలు కావాల్నా? నాక్కాదా? కాళ్లీడ్చుకుంటా సంగటి చేసేది నేనా, నువ్వా? అయినా రాను." ఆమె మెల్లగా లేచి నిలబడింది. "నా ఇద్దరు బిడ్డలు ఎట్ల పోయిరో మర్సిపోయినావా? మన పల్లెలో పురిటి నొప్పులు పడతాంటే చెయ్యి పట్టుకునే ఆడమనిషి లేక, మొగ డాక్టరు దగ్గరికి పంపితే పరువు పోతాదని మీరంతా వాకిట్లో కూచోని ఉంటే... పుట్టీ పుట్టకముందే పోయిరి! ఆ పొద్దు ఇట్లాంటి పిల్ల ఒక్కతి ఉండింటే నా ఇల్లు నిండుగుండేది గదయ్యా!"

గుడిలో కోళ్లు కూడా అరవడం మానేసినట్లయింది. సంతోషమ్మ అడుగులో అడుగేసుకుంటూ ముందుకు వచ్చి, తబిత తల మీద చెయ్యి పెట్టింది.

"పో బిడ్డా. నా ఇంటికి ఇంకో పిల్ల కోడలుగా వస్తాదిలే. నువ్వు పో."

"అత్తా!" అని తబిత ఆమె మీద వాలిపోయి ఏడ్చింది. అయ్యగారు కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తల్లి చెయ్యి, అత్త చెయ్యి, అయ్యగారి చెయ్యి... మూడూ ఆ పిల్ల తల మీద ఉండగా గుడి దద్దరిల్లేలా పాట మొదలైంది. అందరికంటే పెద్ద గొంతు దేవదానానిదే!

పాట అయ్యాక రాహేలమ్మ భయం భయంగా బయటికి వచ్చింది. పందిట్లో లాజరు తలపాగా ఒళ్లో పెట్టుకుని కూచుని ఉన్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. చెల్లెల్ని చూడలేదు. వెనకే వచ్చిన తబితనే చూశాడు.

"ఎన్నేండ్లు ఆ ట్రైనింగు?"

"నాలుగేండ్లు మామా."

"అన్నాళ్లు నా కొడుకు ఆగడు. వేరే సంబంధం చూస్తా." ఆయన అటూ ఇటూ చూసి, మళ్లీ గట్టిగా అన్నాడు. "నా కోడలికి పురుడొచ్చేనాటికి మాత్రం నువ్వొచ్చి తీరాల! వాకిట్లో నేనుంటా. లోపల నువ్వుండాల. నీయమ్మ మాదిరి మాట తప్పినావంటే ఊరుకోను, ఏమనుకున్నావో!"

"వస్తా మామా! తప్పకుండా వస్తా!"

రాహేలమ్మ అక్కడే నేల మీద కూలబడి, అన్న మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. లాజరు ఆమెను దగ్గరికి తీసుకోలేదు, తోసెయ్యనూ లేదు. కాసేపటికి ఆయన చెయ్యి దానంతట అదే వచ్చి చెల్లెలి తల నిమిరింది.