లాగే బండి, మోసే బండి

నా బండిని చూడ్డానికి వచ్చిన మొట్టమొదటి అమ్మాయి తలుపు దగ్గరే కాదనేసింది.

ఏం తక్కువైందని? పొద్దున్నే లేచి నా ఎర్ర పికప్పుని కడిగి, తుడిచి, టైర్లు నిగనిగలాడించి, మా ఊరి రైతుల కో-ఆప్ ముందు గోధుమ గోదాము నీడలో నిలబెట్టాను. అద్దం మీద "అమ్మకానికి" అని అట్ట పెట్టాను. పెళ్లిచూపులకి పెళ్లికొడుకుని ముస్తాబు చేసినట్టే చేశాను.

అమ్మాయి వచ్చింది. టోపీ కింద నుంచి జారిన రాగిరంగు జడ, మోచేతి దాకా గోధుమపిండి. బానెట్ ఎత్తమనలేదు. ఇంజన్ చప్పుడు వినలేదు. రంగు వైపు కన్నెత్తి చూడలేదు. డ్రైవరు తలుపు తీసి, తలుపు సందులో అంటించి ఉండే పసుపు స్టిక్కర్ మీదకి వంగి చదివింది. తలుపు వేసేసింది.

"వద్దండీ."

"అదేంటి! ఇంకా బండే చూళ్ళేదు?"

"చూశాగా."

"మీరు చూసింది తలుపండీ. బండి దాని వెనకాలుంది."

నవ్వింది. ఆ నవ్వు బాగుంది. అదే నా ఖర్మ.

"నా దగ్గర ఫిఫ్త్ వీల్ ట్రైలర్ ఉంది. లోపలంతా వంటిల్లు. దానికి బండి కావాలి" అంది.

"ఓస్, దానికా! ఇది పదమూడు వేల పౌండ్లు లాగుతుంది. కంపెనీ పుస్తకంలోనే ఉంది."

"లాగుతుంది, కాదన్లేదు. మోస్తుందా?"

"రెండూ ఒకటే కదా?"

నా వంక జాలిగా చూసింది. "మామూలు ట్రైలర్ బండి వెనకాల తగులుకుని వస్తుంది. నాది అలా కాదండీ. దాని మెడ మీ బండి వెనక తొట్టి మధ్యకి తెచ్చి, బరువంతా ఆన్చి కూర్చుంటుంది. మనిషిని చెయ్యి పట్టుకుని నడిపించడం వేరు, భుజానెక్కించుకోవడం వేరు. మీ బండి భుజం మీద పదిహేను వందల పౌండ్లు దాటి పెట్టొద్దని ఆ స్టిక్కరే చెప్తోంది. నా ట్రైలర్ మెడ బరువే రెండున్నర వేలు. ఈ కో-ఆప్ కాటా మీదే తూయించాను."

"ఏదో, కాస్త అటూ ఇటూ..."

"వెయ్యి పౌండ్లు కాస్తా? భోజనం దగ్గర కూడా మీకు ఇదే లెక్కా?"

నా పొట్ట వైపు ఓ చూపు చూసి మరీ వెళ్ళిపోయింది. నేను ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేసరికి ఆలస్యమైపోయింది.

ఆ అమ్మాయి ఎవరో ఆ సాయంత్రం మా మామయ్య ఇంట్లో తెలిసింది.

మా వెర్లిన్ మామయ్యది కోత ముఠా. మే నెల వస్తే కంబైన్లని, అదే కోత మిషన్లని, లారీల మీదకెక్కించి టెక్సస్‌లో దిగుతాం. అక్కణ్ణించి పండిన గోధుమ వెంటే కోసుకుంటూ, మా క్యాన్సస్ మీదుగా పైకి పోయి, ఎండలు తగ్గే వేళకి మోంటానాలో తేలతాం. నేను లారీ, కంబైను నడుపుతాను. ముఠాకి ఇన్నేళ్ళూ వండిపెట్టింది లొరెట్టా అత్తయ్య. ఈ ఏడు ఆవిడ మోకాలు మొరాయించింది.

"కెండ్రా వీబ్ అని ఒక పిల్ల వచ్చింది. చేతివంట అమృతంలా ఉంది" అంది అత్తయ్య.

"వంట సరే, చక్రాల మాటేమిటి?" అన్నాడు మామయ్య. "మన దగ్గర ఎవరి చక్రాలు వాళ్ళవి. ఊరు మారేప్పుడు అందరి చేతుల్లో తలో లారీ ఉంటుంది. ఆమె వంటిల్లు ఆమే లాక్కోవాలి. శనివారం పొద్దున నది దిగుడు రోడ్డు మీద ట్రైలర్‌తో కిందికి దిగమన్నాను. నేను చెయ్యెత్తిన చోట ఆపాలి. ఆపిందా, వంట ఆమెది. లేదూ, ఈ పని అడిగిన రెండో వంటవాడికి ఫోన్ చేసేస్తా."

నా గొంతులో మెతుకు అడ్డం పడింది. అత్తయ్య నీళ్ళిస్తూ నా మొహం పరీక్షగా చూసింది. "ఏరా, ఆ పిల్ల తెలుసా?"

"తలుపు దగ్గర పరిచయం" అన్నాను.

మర్నాడు సాకు వెతుక్కుని కెండ్రా వాళ్ళ పెరట్లోకి పోయాను. బండి వెతకడంలో సాయం చేస్తానన్నాను. ఆమె నమ్మకంగా చూడలేదు గానీ, కైమా, క్యాబేజీ కూరిన వేడివేడి బన్ను ఒకటి చేతిలో పెట్టింది. దాన్ని బీరాక్ అంటాం మేం. మా అమ్మ కూడా చేస్తుంది. ఇకపై మా అమ్మ వంట గురించి నేను నోరెత్తను.

ట్రైలర్ లోపల పెద్ద పొయ్యి, రెండు ఫ్రీజర్లు, గోడ పొడుగునా అరలు.

"అన్నీ నా చేత్తో బిగించినవే" అంది కెండ్రా. "ఆరేళ్ళు స్కూలు వంటింట్లో చేశానండీ. పిజ్జా ముక్కలు వేడి చేసివ్వడం తప్ప ఇంకేం లేదు. పొలంలో పొద్దంతా కష్టపడి ఆకలితో వచ్చేవాళ్ళకి వండాలని నా కోరిక. మిగతా ముఠాలన్నీ మనుషుల్ని పెట్టేసుకున్నాయి, మీ మామయ్యదే మిగిలింది. నేను మాట్లాడుకున్న బండిని దాని యజమాని ఇంకెవరికో అమ్మేశాడు. శనివారం తప్పిందా, ఇదంతా అమ్మేసి మళ్ళీ పిజ్జాలే."

"అంతదాకా రాదు. బండి దొరుకుతుంది."

"దొరికేదాకా వెతుకుతాను. ఏదో ఒకటి మాత్రం కొనను" అంది. ఆ మాట అనేప్పుడు గడ్డం పైకెత్తింది. మేకు కొట్టినట్టు నా మనసులో దిగిపోయిందా గడ్డం.

నా ఎర్రబండిలోనే తిరిగాం. బయట వాన. వైపర్లు టకటకలాడుతున్నాయి.

"చూశారా, నా బండి మనుషుల్ని బాగానే మోస్తోంది" అన్నాను.

"ఇద్దర్ని మోస్తోంది. పొగడండి దాన్ని."

మొదటిది ఒక పళ్ళ డాక్టరుగారి బండి. తళతళలాడుతోంది. నాకు తెగ నచ్చింది. కెండ్రా తొట్టిని జానలేసి కొలిచింది. "తొట్టి పొట్టిది. మలుపు తిరిగితే ట్రైలర్ మూతి వెనకద్దం పగలగొట్టుకుని లోపలికొచ్చి కుశలం అడుగుతుంది" అంది.

రెండోది పొడుగు తొట్టి, మంచి ఇంజన్. నేను చప్పట్లు కొట్టబోయాను. ఆమె బండి కిందకి దూరి చిన్న సుత్తితో చట్రం మీద తట్టింది. చలికాలం రోడ్డు మీద చల్లే ఉప్పు తిని తిని చట్రం డొల్లయిపోయింది. తుప్పు దోసెడు రాలింది. వానలో, బురదలో వెల్లకిలా పడుకున్న ఆమె మొహం మీద కూడా రాలింది.

"ఛ!" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. లేచి జడ పిండుకుని, "తర్వాతది ఎక్కడుంది?" అంది.

తర్వాతది లేదు. శుక్రవారం వచ్చేసింది.

నేను ఊరుకోగలనా? ముందు రాత్రే ట్రైలర్ మెడని పట్టుకునే ఫిఫ్త్ వీల్ హిచ్ కొని తెచ్చి, తెల్లారకుండానే మా షెడ్డులో నా ఎర్రబండి తొట్టికి నాలుగు బెజ్జాలు పొడిచి బిగించేశాను. అద్దం మీద అట్ట పీకి పారేశాను. సినిమా హీరోలా వాళ్ళ పెరట్లో దిగాను.

"తగిలించండి. రేపు నేనే దింపుతాను. పది నిమిషాల పనికి ఏ బండైతేనేం?"

ఆమె హిచ్ చూసింది, నన్ను చూసింది. ట్రైలర్ మెడని మెల్లగా నా తొట్టిలోకి దింపింది. నా బండి వెనక్కి కూలబడింది. ముందు దీపాలు మబ్బుల్ని వెతుక్కుంటున్నాయి. ముందు చక్రాలు నేలని ఏదో మొహమాటానికి పట్టుకున్నట్టున్నాయి.

"కాస్త... వంగింది" అన్నాను.

"స్టీరింగ్ తిప్పే చక్రాల మీద బరువే లేదు కోల్బీ! దిగుడులో ఇది నీ మాట వింటుందా? ఆగకపోతే ఏమవుతుందో ఆలోచించావా? కింద చెయ్యెత్తి నిలబడేది మీ మామయ్య!"

కోపంలో 'నువ్వు' అనేసింది. సంతోషించే సమయం కాదని తెలుసు. అయినా సంతోషించాను.

"నీకు ఉద్యోగం పోతుందనేగా నా బాధ!"

"నాకు ఈ పని ప్రాణం. అయినా ఇలా వద్దు."

నాకు ఉక్రోషం తన్నుకొచ్చింది. "నేనంటే ఇష్టం లేదని చెప్పు, వెళ్ళిపోతాను. బండి మీద పెట్టి తిట్టకు!"

"నీ బండిని వద్దన్నాను" అంది కెండ్రా, ట్రైలర్ మెడని మళ్ళీ పైకెత్తుతూ. "నిన్నెవరు వద్దన్నారు?"

అటు తిరిగి నిలబడింది గానీ, చెవులు ఎర్రబడ్డం నాకు కనిపించింది.

కాసేపటికి ఇద్దరం తొట్టి అంచు మీద కూర్చున్నాం. "అసలు నీకు కావల్సింది ఎలాంటిదో చెప్పు. మొదట్నించీ, నెమ్మదిగా" అన్నాను.

"పొడుగు తొట్టి. వెనక రెండు పక్కలా జంట చక్రాలు. డీజిల్. బరువు అలవాటైన వెన్ను. షెడ్డులో పెరిగి, ఉప్పు తినని చట్రం."

వింటూ వింటూ లేచి నిలబడిపోయాను. "ట్యాంకు!"

"ఏ ట్యాంకు?"

"మా ట్యాంకు! పద, పద!"

మా షెడ్డులో పదిహేనేళ్ళుగా ఒకటుంది. కంబైన్లకి పొలంలో డీజిల్ పోసేది. దాని వీపు మీద పెద్ద డీజిల్ ట్యాంకు, వెల్డింగ్ మిషను, జాకీలు, గొలుసులు. ఏడాది కిందట మామయ్య కొత్తది కొన్నాక ఇది మూలపడింది. మేమందరం దాన్ని ట్యాంకనే పిలుస్తాం. ఆ సామానంతటి కింద ఒక బండి ఉందని మాలో ఒక్కడికీ తోచలేదు. రోజూ దాని మీదే టిఫిన్ డబ్బా పెట్టుకునే నాకూ తోచలేదు.

కెండ్రా దుమ్ము తుడిచి తలుపు తీసింది. పసుపు స్టిక్కర్ మీదకి వంగింది. ఈసారి చాలాసేపు చదివింది. తర్వాత కిందకి దూరింది. సుత్తి చప్పుడు ఖంగుఖంగుమంది. తుప్పు చిటికెడు రాల్లేదు.

బయటికి వచ్చేసరికి మామయ్య నిలబడి ఉన్నాడు. "దాంతోనా?" అని నోరెళ్ళబెట్టాడు. "కావాలంటే ఊరికే వాడుకో అమ్మాయ్."

"వద్దండీ. ఎవరి చక్రాలు వాళ్ళవి అన్నది మీరేగా? కొంటాను. నా జీతంలో కోసుకోండి."

"రేపు ఆపితేనే కదా జీతం?"

"ఆపుతాను" అంది.

మామయ్య నా వైపు తిరిగి, "ఈ పిల్ల నాకే నేర్పుతోందిరా" అన్నాడు. కోపం మాత్రం లేదు.

ట్యాంకు దింపాం, మిషను దింపాం, బ్రేకులు విప్పి చూశాం, ట్రైలర్ బ్రేకుల మీట బిగించాం. ఆఖర్న నా ఎర్రబండిలోంచి హిచ్ ఊడదీసి దాని తొట్టిలో బిగించాను. కెండ్రా నా బండి తొట్టిలో మిగిలిన నాలుగు బెజ్జాల్లో వేలు పెట్టి చూసింది.

"ఇప్పుడు నీ బండి ఎవరు కొంటారు?"

"అమ్మను. పెళ్లిచూపుల్లో నువ్వు కాదన్న బండిని నేనే ఉంచుకుంటాను."

నవ్వలేదు. గ్రీజు చేతితో నా ముక్కు మీద ఒక గీత గీసింది. ఇంటికెళ్ళాక కూడా చాలాసేపు కడుక్కోలేదు.

శనివారం పొద్దున వాన వెలిసింది, రోడ్డు ఇంకా తడిగానే ఉంది. స్మోకీ హిల్ నది దిగుడు కింద నేను, అత్తయ్య. సగం దిగుడులో, రోడ్డు పక్కన మామయ్య. పైన మలుపులో ట్యాంకు కనిపించింది. వెనకాల తెల్లటి వంటిల్లు. బండి వీపు వంగలేదు. దీపాలు తిన్నగా రోడ్డునే చూస్తున్నాయి.

మామయ్య మామూలుగా చెయ్యెత్తుతాడనుకున్నాను. కాదు! ఆమె వేగం అందుకున్నాక, బాగా ఏటవాలుగా ఉన్నచోట ఠక్కున ఎత్తాడు. "మామయ్యా!" అని అరిచేశాను. దీని బదులు నా బండి ఇక్కడ ఉండుంటే?

ట్యాంకు గర్జించింది. ట్రైలర్ అటూ ఇటూ ఊగలేదు. గీత గీసినట్టు తిన్నగా వచ్చి, మామయ్య ఎత్తిన చేతికి ఎదురుగా నిలబడిపోయింది.

అత్తయ్య కుంటుకుంటూ పైకెక్కి, వంటింటి తలుపు తీసి తొంగి చూసింది. "ఒక్క కప్పు కూడా పగల్లేదు!" అని కేకేసింది. తను ఇన్నేళ్ళూ వండిన పెద్ద ఇనప గిన్నెని మా కారులోంచి నా చేత తెప్పించి, పొయ్యి మీద పెట్టి దిగింది.

"సోమవారం ప్రయాణం" అన్నాడు మామయ్య కెండ్రాతో. తర్వాత నా వైపు చూసి, "వీడికి మాత్రం రెండేసి సార్లు వడ్డించకు, లారీ సీటు విరుగుతుంది" అన్నాడు. అత్తయ్యని చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి తీసుకుపోయాడు. కావాలనే నెమ్మదిగా నడిచారు ఇద్దరూ.

నేను ట్యాంకు దగ్గరికి వెళ్ళేసరికి కెండ్రా డ్రైవరు తలుపు తీసి, మళ్ళీ ఆ పసుపు స్టిక్కర్ మీదకే వంగి ఉంది. పెదాలు కదులుతున్నాయి.

"గెలిచావు కదా, ఇంకా ఏం లెక్క?"

"ఇది మోసే బరువులోంచి ట్రైలర్ మెడ, హిచ్, నేను, నా పిండి బస్తాలు... అన్నీ తీసేసినా ఇంకా మిగిలింది." తలెత్తి చూసింది. "నీ బరువెంత?"

"అదేం ప్రశ్న? నూట ఎనభై పౌండ్లు. బూట్లతో కలిపి."

"దానికి ఇంకో నలభై కలిపాను."

"ఎందుకు?"

"ఈ కోత కాలమంతా నా చేతి వంట తింటావు కదా. కోతలయ్యాక ఆ పక్క సీట్లో కూర్చోబోయేది ఆ కోల్బీ." చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి, గడ్డం మాత్రం దించలేదు. "నాకు నువ్వంటే ఇష్టం. ఇంకెవరికీ ఆ సీటు ఇవ్వను."

నా గుండె చప్పుడు మామయ్యకి కారులో వినిపించి ఉంటుంది. "నాకైతే ఆ తలుపు దగ్గరి నుంచే ఇష్టం" అన్నాను. "మరి కోతలయ్యాక కూడా నీ వంటే తింటూ పోతే? ఏటేటా ఇంకా బరువెక్కితే?"

కెండ్రా తలుపు వేసి, దానికి ఆనుకుని నవ్వింది.

"అందుకేగా ఇంత మోసే బండి కొన్నది!"